బంతి ముట్టని ఎనిమిది సీజన్లు

1988 అక్టోబరులో నేను మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాణ్ణి. ఒక ఆదివారం డాక్టర్ ప్రభాకర్‌గారింట్లో భోజనం చేస్తూ, అమెరికన్ ఫుట్‌బాల్ గురించి రాయమంటే అందరూ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ల గురించే రాస్తున్నారని విసుక్కున్నాను. ఆయన ఎముకల డాక్టరు, గుంటూరు నుంచి వచ్చి పదిహేడేళ్ళు. ఇంట్లో టీవీ ముందు కూర్చుంటే ఫుట్‌బాల్ తప్ప ఇంకోటి చూడరు.

"నా పేషెంట్ రాయ్ అని ఉన్నాడు. టాకిల్‌గా ఎనిమిది సీజన్లు ఆడాడు, పేరు ఎవరికీ తెలీదు. ఇప్పుడు ఒహాయోలో స్కూల్ బస్ డ్రైవ్ చేస్తున్నాడు. గురువారం అతనికి ఫిట్‌నెస్ టెస్ట్. నేను ఆఫ్ తీసుకుని వెళ్తున్నా, వస్తావా? అతన్ని అడిగాకే చెప్తున్నాలే" అన్నారు.

గురువారం ఉదయం ఆరుంపావుకు ఆయన కారులో బయలుదేరాం. 275 హైవే మీద దక్షిణంగా వెళ్ళి, మన్రో దగ్గర 75 ఎక్కి, టొలీడో మీదుగా ఫిండ్లే చేరడానికి రెండు గంటలు పట్టింది. గ్యాస్, అంటే పెట్రోలు, అప్పట్లో గాలన్ డాలరు లోపే. రానూపోనూ పన్నెండు డాలర్లు దాటలేదు. ఫిండ్లే నుంచి పన్నెండు మైళ్ళు కౌంటీ రోడ్డు. రెండు వైపులా కోసేసిన మొక్కజొన్న చేలు, అక్కడక్కడ ధాన్యం నిలవచేసే ఎత్తయిన గోదాములు. ఊరి మొదట్లోనే ఒక చిన్న హోటల్ ఉంది. రెండు గుడ్లు, టోస్టు, కాఫీ కలిపి రెండు డాలర్ల డెబ్బై సెంట్లు.

"రాయ్ కోసం వచ్చారా? ఆ చివరి బల్ల దగ్గర కూర్చోండి. కాలు చాపుకోవడానికి అతనికి అక్కడే వీలు" అంది వంటావిడ.

కాసేపటికి రాయ్ తల వంచుకుని గుమ్మం దాటి వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళు, ఆరడుగుల అయిదంగుళాలు. కుడిచేతి వేళ్ళు రెండు పక్కకి తిరిగి ఉన్నాయి. మోకాలు వంచకుండానే కూర్చున్నాడు. నేను నోట్‌బుక్ తీసి, ఎనిమిదేళ్ళలో ఎన్నిసార్లు బంతి పట్టుకున్నారని మొదటి ప్రశ్న వేశాను. బల్ల కింద డాక్టరుగారు నా కాలు తొక్కారు.

"రెండుసార్లు. రెండుసార్లూ పెనాల్టీయే" అన్నాడు రాయ్.

వంటావిడ పొయ్యి దగ్గరినుంచే నవ్వింది. తర్వాత రాయ్ ఓపిగ్గా చెప్పాడు. టాకిల్ స్థానంలో ఆడేవాడు పాస్ అందుకోవడానికి రూలు ఒప్పుకోదు, అందుకుంటే జట్టుకి శిక్ష. బంతి విసిరేవాడి మీదికి ఎవరూ పడకుండా అడ్డుకోవడమే అతని పని. 1977లో జట్టులో చేరాడు, 1984తో ఆపేశాడు. చలికాలాల్లో ఆట లేనప్పుడు ఈ ఊరి గోదాములోనే బస్తాలు మోశాడు. కుడి మోకాలికి నాలుగు ఆపరేషన్లు.

"టెస్టులో ముప్పై సెకన్లలో మూడుసార్లు బస్సు ఎక్కి దిగాలి. పోయిన వారం ప్రాక్టీసులో నలభై ఒకటి పట్టింది" అన్నాడు. తప్పితే ఉద్యోగం పోతుంది. దానితోపాటు భార్యాబిడ్డల హెల్త్ ఇన్సూరెన్సూ పోతుంది.

"మినహాయింపు ఇమ్మని నేను లెటర్ రాస్తానన్నా. వినడు" అన్నారు డాక్టరుగారు నాతో తెలుగులో. ఆయన తన గురించే అంటున్నారని రాయ్‌కి అర్థమైంది.

"ఆ ఉత్తరం సంగతేనా? బస్సులో నలభైమంది పిల్లలుంటారు. మంటలొస్తే ఉత్తరం పట్టుకుని దిగలేను కదా డాక్టర్" అన్నాడు.

పదకొండింటికి బస్సుల షెడ్డు దగ్గరికి వెళ్ళాం. పరీక్ష పెట్టేది నెరిసిన జుట్టున్న ఒకావిడ. చేతిలో స్టాప్‌వాచ్, అట్టకి బిగించిన కాగితాలు. తోటి డ్రైవర్లు కాఫీ కప్పులతో చుట్టూ చేరారు.

"రాయ్, ఆ వాచ్ చాలదు. క్యాలెండర్ తెప్పించనా?" అన్నాడొకడు.

రాయ్ వాడి వైపు చూడలేదు. మెట్ల ముందు నిలబడి ఆవిడతో, "ఎటు తిరిగి దిగాలో ఆ కాగితంలో రాసి ఉందా?" అని అడిగాడు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండు కాగితాలు తిరగేసింది. మొదటిది మళ్ళీ చదివింది. "లేదు. ఎక్కాలి, దిగాలి, అంతే" అని వాచ్ నొక్కింది.

అతను రెండు చేతులతో కడ్డీలు పట్టుకుని ఎక్కాడు. పైన తిరగలేదు. బస్సు లోపలికే చూస్తూ వెనక్కి దిగాడు. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ వెనక్కే. అంత మనిషి దిగుతున్నా మెట్ల మీద బూటు చప్పుడు దాదాపు వినిపించలేదు. మూడోసారి కాలు నేల తాకగానే ఆవిడ, "ఇరవై ఆరు" అంది. క్యాలెండర్ మాట అన్నవాడు కాఫీ కప్పు కింద పెట్టి చప్పట్లు కొట్టాడు.

"ఇంట్లో మెట్లు ఎప్పుడూ అలాగే దిగుతాడయ్యా. ఇక్కడ పిల్లలు చూస్తే నామోషీ అని తిన్నగా దిగుతాడు. ఇక్కడా వెనక్కే దిగమని రెండేళ్ళ నుంచీ మొత్తుకుంటున్నా" అన్నారు డాక్టరుగారు, గొంతు తగ్గించి. "ఆ మోకాలి ఎక్స్‌రే చూస్తే నీకు తెలుస్తుంది. ఎముక మీద ఎముక. అసలు నిలబడటమే కష్టం."

ఇలా దిగడం ఎవరు నేర్పారని పరీక్ష పెట్టినావిడ అడిగింది. "ఎనిమిదేళ్ళు నా పని ఇదేనమ్మా. మూడువందల పౌన్ల మనిషి మీదికి వస్తుంటే వాణ్ణే చూస్తూ వెనక్కి అడుగులు వెయ్యాలి. చూసుకోకుండానే కాలు ఎక్కడ పెట్టాలో తెలియాలి" అన్నాడు రాయ్.

ఆ రోజు నా నోట్‌బుక్‌లో గెలుపోటముల లెక్క ఒక్కటీ లేదు. నలభై ఒకటి, ఇరవై ఆరు అన్న అంకెలు మాత్రం ఉన్నాయి. ముప్పై ఏళ్ళు వార్తలు రాసినవాణ్ణి, తేలిగ్గా ఆశ్చర్యపోను. అయినా ఆ షెడ్డు దగ్గర ఆ రెండో అంకె కింద రెండుసార్లు గీత గీశాను. స్టేడియంలో అరవైవేల మంది అతని ముందే కూర్చుని కూడా బంతినే చూశారు. ఆ అడుగులు చూసే అవకాశం నాకు ఒక బస్సు దగ్గర దొరికింది.

అటు వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో ఆ కౌంటీ రోడ్డు మీద ముందు స్కూల్ బస్సు ఉండి ఎర్రలైట్లు వెలిగితే, ఎటునుంచి వస్తున్నా పూర్తిగా ఆగండి, దాటకండి. తిరుగు ప్రయాణంలో మేం రాయ్ బస్సు వెనకే పడ్డాం. పన్నెండు మైళ్ళలో తొమ్మిదిసార్లు ఆగాం. నాలుగోసారి డాక్టరుగారు ఇంజను కూడా ఆపేసి, "పోనీలే, నెమ్మదిగా దిగనీ పిల్లల్ని" అన్నారు.