తడి సున్నం చూపించిన కిటికీ

ఈస్టరు ముందు బుధవారం, పొద్దున ఎనిమిదింటికి నిజామాబాద్‌లో ఆర్మూరు బస్సెక్కాను. టికెట్టు మూడు రూపాయలు. ఆర్మూరులోని పాత రాతి చర్చి తూర్పు గోడను సోమవారం పడగొట్టి, హాలు పెంచుతారని మా అక్కకు తెలిసింది. ఆ గోడలో కమాను కిటికీ కట్టింది మా నాన్న. కడుతూనే ప్రభువును తెలుసుకొని, దాని కిందే బాప్తిస్మం పొందాడు.

"కిటికీ ఉన్నదో లేదో చూసి రా తమ్మీ. ఉంటే కూలగొట్టనియ్యకు" అంది అక్క.

జక్రాన్‌పల్లి దాకా నిలబడ్డాను. అక్కడ ఒక రైతు జరిగి చోటిచ్చాడు. అతని కాళ్ల దగ్గర పసుపు కొమ్ముల సంచి.

"తెల్ల ప్యాంటు జర పైకనుకో సార్. ఈ పసుపు ఒక్కపారి దూరిందంటే ఇడువది."

తొమ్మిదిన్నరకు ఆర్మూరులో దిగి, పూరీ తిని, మార్కెట్ వెనక ఉన్న చర్చికి నడిచాను. వరండా రాతి స్తంభాలు, టేకు తలుపులు పాతవే. పెంకుల కప్పు పోయి స్లాబు వచ్చింది. లోపల తూర్పు గోడ మాత్రం కింది నుంచి పైదాకా ఒకటే చదును, కిటికీ జాడే లేదు. చర్చి ఊడ్చే సంతోషమ్మ దానికి సున్నం వేస్తోంది.

"కూలే గోడకు సున్నమెందుకమ్మా?"

"పండుగకు అన్ని గోడలకేసి దీన్నొక్కదాన్ని ఇడిచిపెడితే, గిదేం పాపం చేసింది సార్?"

పాస్టరుగారు వచ్చి నా మాట ఓపికగా విన్నారు. "కిటికీ ఉన్నట్టు ఏ కాగితంలోనూ లేదు బ్రదర్. ఉత్త గోడే" అని తన గదికి వెళ్లిపోయారు.

బెంచీ మీద కూర్చుని ప్రార్థించాను. అక్కకు ఏం చెప్పాలో చూపించమని అడిగాను. కళ్లు తెరిస్తే తడి సున్నం మీద సన్నని ఎర్ర గీత.

"గదా? ఏటా గంతే" అంది సంతోషమ్మ. "మార్కెట్ల వాన పడితే రైతులు పసుపు బస్తాలు లోపలికి తెచ్చి గీ గోడకే పేరుస్తరు. గా పసుపు దుమ్ము పగుళ్లకు పోయింది. పసుపుకు సున్నం తగిలితే ఎర్రగ పారాణే కదా. ఆరితే పోతది."

"పైదాకా ఇంకో పూత వెయ్యమ్మా."

ఆమె కుంచె వెంట గీత పైకి పోయి, వంగి, అవతలి పక్క దిగింది. కమాను. పరుగున పోయి పాస్టరుగారిని పిలుచుకొచ్చాను.

"ఇన్నేళ్లూ చెప్పలేదేం సంతోషమ్మా?"

"గోడ ఖరాబు చేసిననంటరని, మీరొచ్చేలోపల ఆరబెడుతుంటి అయ్యగారూ."

హాలు పని చూసే మేస్త్రి వచ్చి గీత లోపల ఒక ఇటుక ఊడదీశాడు. పక్కనే నున్నగా చెక్కిన రాయి అంచు; తడిమితే నా వేలికి తడి ఎరుపు అంటింది. నాన్న ఉలి.

"కమాను గట్టిగున్నదయ్యగారూ. నడుమ ఎన్నడో మూసిన ఇటుకలు తీస్తే కొత్త హాలుకు గిదే తొవ్వైతది."

పాస్టరుగారు రాయి మీద చెయ్యి వేశారు. "సోమవారం ఇటుకలే తీస్తాం. గోడ ముట్టం. మీ అక్కను తీసుకురండి."

రెండున్నర బస్సుకు బయలుదేరాను. పక్క సీటు ముసలమ్మ పారాణి పెట్టినట్టున్న నా వేలు చూసింది. "ఏం బిడ్డా, పెండ్లికి పోయొస్తున్నవా?"

"మా నాన్న దగ్గరికమ్మా."

బైబిల్లోని సజీవమైన రాళ్ల గురించి సండే స్కూల్లో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. చేత్తో తాకింది ఇవాళే. ఆరితే ఎరుపు పోతుందని, అక్కకు చూపించేదాకా ఆ వేలిని సీసాలో నీళ్లతో తడుపుతూ కూర్చున్నాను.