చక్కులో ఎర్రబడ్డ పసుపు

మిర్యాలగూడలో మేం కిరాయికి ఉంటున్న ఇల్లు వీరేశం అన్నది. పైన మేము, కింద వాళ్లు. మెట్ల పక్క నుంచి ప్రహరీ దాకా రేకులు వేసి, ఇనుప వస్తువులను కదలకుండా పట్టే వైసు ఒకటి బిగించి, దాన్నే ఆయన తన పనిగదిగా చేసుకున్నాడు. కిటికీలకు దోమల జాలీలు, బాల్కనీలకు గ్రిల్లులు బిగించడం ఆయన పని.

మా పాప నడక నేర్చినప్పటి నుంచి బాల్కనీ వైపు చూస్తే నాకు గుండె దడ. కడ్డీల మధ్య సందును, పాప తలను టేపు పెట్టి కొలిచాను. సందే పెద్దది. వాడపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసినప్పటి అలవాటు అది. పాప పుట్టాక ఉద్యోగం మానేశాను గానీ కొలవడం మానలేదు.

"పరేషాన్ గాకు చెల్లె. దసరా కాంగనే ముందు నీ జాలీనే కొడత" అన్నాడు వీరేశం అన్న.

ఆయనది మఠంపల్లి వైపు పల్లె. గొర్ల మంద ఉన్న ఇల్లు. చిన్నప్పుడు గొర్ల వెనకే తిరిగాడు. బడి మధ్యలో వదిలి, ఇక్కడ ఒక హార్డ్‌వేర్ దుకాణంలో బరువులు మోసే పనికి కుదిరాడు. దుకాణానికి వచ్చే ఫిట్టర్లను చూసి పని పట్టుకున్నాడు. రజని వదినతో పెళ్లయ్యాక ఆమె చెల్లెలు సంగీతకు కూడా ఈ ఊరి సంబంధమే చేశారు. సంగీత భర్త మహేశ్వర్ అప్పట్లో ఏ పనిలోనూ నిలవకుండా తిరుగుతున్నాడు. తన వెంట తిప్పుకుని, నిచ్చెన పట్టుకోవడం దగ్గర నుంచి గోడకు మట్టం చూడడం దాకా అన్నీ వీరేశం అన్నే నేర్పాడు. సడ్డకులంటే, తోడల్లుళ్లంటే ఒకరికొకరు పడరని అందరూ అంటుంటారు గదా, మా ఇద్దరిని చూపెట్టాలె వాళ్లకు, అని నాతో ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకున్నాడు.

ఈ దసరాకు ఆయన ఆశంతా సూర్యాపేట మీద ఉంది. అక్కడ కొత్తగా కట్టిన అపార్టుమెంటులో అన్ని ఇళ్లకూ జాలీలు, గ్రిల్లులు వీళ్లిద్దరే చేయాలని మాటయింది. ఆయన చేతికి అంత పెద్ద పని రావడం అదే మొదలు. దానికోసం కోదాడ నుంచి వచ్చిన రెండు పిలుపులను వద్దనుకున్నాడు. పండుగకు ముందు మహేశ్వర్ వచ్చి, ఓనరు పని ఆపాడనీ, దీపావళి దాటేదాకా మొదలుపెట్టేది లేదనీ చెప్పాడు. వీరేశం అన్న నమ్మాడు. ఎదురుచూద్దామన్నాడు.

దసరాకు పనిముట్లకు పూజ చేయడం ఆయనకు ఇంట్లో పెళ్లి చేసినంత పని. ముందురోజు ప్రతిదాన్నీ కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, పీట మీద వరుసగా పెడతాడు. రజని వదిన పసుపు రాసి బొట్లు పెడుతుంది. పైన ఎర్రటి గుడ్డ కప్పుతారు. ఇక జమ్మికి పోయివచ్చి, తెల్లారి గుడ్డ తీసేదాకా ఎవరూ ముట్టకూడదు. వాటికి కూడా ఒళ్లు నొప్పులుంటాయంటాడు ఆయన. ఈసారి తల్లి పెంటమ్మకు ఒంట్లో బాగాలేదని, పూజ కాగానే భార్యాభర్తలిద్దరూ పల్లెకు పోయారు. దీపం పెట్టమని గది తాళంచెవి మహేశ్వర్‌కు ఇచ్చారు. మేమూ మా అత్తగారి ఊరు కోదాడకు పోయాం.

అందరం తిరిగి వచ్చాక, పొద్దున్నే జాలీ సంగతి గుర్తుచేద్దామని పాపను చంకనేసుకుని కిందికి దిగాను. వీరేశం అన్న డ్రిల్లు మిషన్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తాళంచెవి లాంటిదాన్ని తిప్పి బిగించే పాత రకం కాదది. చేత్తో తిప్పితే చాలు, రంధ్రం చేసే బిట్టును పట్టే ముందున్న చక్కు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఇప్పుడు దాని మూడు దవడలూ గట్టిగా కరుచుకుపోయి ఉన్నాయి. ఎంత తిప్పినా కదలడం లేదు.

"మీ వదినె జేసిన పూజ ఇది, సూడు చెల్లె" అన్నాడు. "బొట్టు పెట్టమంటే దాని నోట్లె పసుపు కుక్కింది. నైవేద్యం అనుకున్నదేమో."

"నీ మిషన్‌కు నోరేదో ముక్కేదో నాకెట్ల ఎరుక?" అంది రజని వదిన వాకిట్లో నుంచే. "ప్రతి ఏడు పెడుతనే ఉన్న. ఈ ఏడే గొంతు పట్టుకున్నదా?"

"ప్రతి ఏడు జర పొడిగ పెట్టేదానివి. ఈసారి పచ్చడి లెక్క కలిపినవ్."

పసుపు ఎక్కువ తడిగా కలిపిన మాట నిజమేనేమో, తప్పు తనదే అన్నట్టు ఆమె చీపురు పక్కన పెట్టి లోపలికి వచ్చి నిలబడింది.

ఆయన చక్కు సందుల్లో కిరసనాయిలు చుక్కలుగా పోసి కొంచెంసేపు నాననిచ్చాడు. పాప ఆ సీసా కోసం చేయి చాస్తుంటే నేను రెండడుగులు వెనక్కి జరిగాను. తర్వాత చెక్క సుత్తితో చక్కు చుట్టూ మెల్లగా తట్టాడు. పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి వెనక భాగాన్ని వైసులో బిగించాడు. ఇంకో ముక్క ముందు భాగానికి చుట్టి పైపు పానాతో పట్టాడు. ఒక్కసారిగా బలం పెట్టలేదు. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి, మళ్లీ కిరసనాయిలు, మళ్లీ తట్టడం. ఆఖరికి లోపల ఏదో నలిగిన చప్పుడై చక్కు తిరిగింది. దవడలను పూర్తిగా తెరిచి, మూతిని కిందికి పెట్టి కాగితం మీద తట్టాడు.

ఎర్రటి ముద్దలు రాలాయి.

"కుంకుమ గూడ పోసినవా తల్లీ" అన్నాడు.

"నేను బొట్టే పెట్టిన. అదీ పైన" అంది రజని వదిన.

నేను ఒక ముద్దను వేళ్ల మధ్య నలిపాను. గరగరలాడింది. లోపల బూడిదరంగు పొడి. కుంకుమలో ఇసుక ఉండదు. అదేమిటో నా వేళ్లకు ముందే తెలిసిపోయింది, ఏళ్ల తరబడి ముట్టుకున్న పొడి అది.

"ఇది కుంకుమ కాదన్నా. సిమెంటు దుమ్ము. తడి పసుపు మీద పడి ఎర్రగా అయింది. దిష్టి నీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడుతుంది చూడు, అట్లాగే. సిమెంటులోనూ ఆ గుణం ఉంటుంది. తడిసి గట్టిపడింది, అందుకే పట్టేసింది."

ఆ మాట ఎటు పోతుందో ఆలోచించకుండా, పరీక్ష ఫలితం చదివినట్టు చెప్పేశాను.

వీరేశం అన్న కాగితాన్ని వెలుతురు వైపు తిప్పి చూశాడు. "పూజకు ముందుగాల నేనే కడిగిన" అన్నాడు. "పసుపు పెట్టినంక పడ్డది ఈ దుమ్ము."

రజని వదిన డ్రిల్లును దగ్గరకు తీసుకుని చూసింది. "ఈ బొట్టు గూడ నేను పెట్టింది గాదు. నేను ఉంగరం వేలుతోని పెడత. ఇది బొటనవేలు."

చక్కులోకి అంత దుమ్ము పోవాలంటే తల పైన కప్పుకు రంధ్రాలు చేసి ఉండాలి. వీరేశం అన్న అట్లా చేసేటప్పుడు రబ్బరు బంతిని సగానికి కోసి బిట్టుకు తొడుగుతాడు, దుమ్మంతా అందులో పడుతుంది. మిషన్‌కు టోపీ పెడుతున్నవా అన్నా, అని మహేశ్వర్ ఎప్పుడూ నవ్వేవాడు. ఆ టోపీ పెట్టేంత ఓపిక అతనికి లేదు. గది తాళంచెవి కూడా అతని దగ్గరే ఉంది. ఆ గదిలో ఉన్న ముగ్గురికీ అదే తోచింది.

చేతులకు నూనె ఉండడంతో ఆయన ఫోను బల్ల మీద పెట్టి స్పీకర్ వేశాడు.

"చెప్పన్నా" అన్నాడు మహేశ్వర్.

"ఏడున్నవ్ తమ్మీ?"

"ఇంట్లనే అన్నా. ఇప్పుడే లేసిన."

వెనక డ్రిల్లు మోత వినిపించింది. ఆగింది. ఎవరో గట్టిగా, "మహేశన్నా, నిచ్చెన జర ఇటు జరపాలె" అన్నారు.

"సరే తమ్మీ, నిచ్చెన జరుపు" అని వీరేశం అన్న ఫోను పెట్టేశాడు.

తర్వాత సూర్యాపేట ఓనరుకు చేశాడు. స్పీకర్ తీసేయడం ఆయనకు గుర్తు రాలేదు. నేను వెళ్లిపోవాల్సింది, వెళ్లలేకపోయాను.

"ఆఁ వీరేశం, చేతులెట్లున్నయ్ ఇప్పుడు?" అన్నాడు ఓనరు ముందుగానే.

"చేతులకేమైంది సారూ?"

"వణుకుతున్నయట గదా. మీ తమ్ముడు చెప్పి మస్తు బాధపడ్డడు. అన్నను పై అంతస్తుల నిచ్చెన ఎక్కియ్యద్దు సారూ, నేనే చేసుకుంట అన్నడు. పండుగ అని గూడ సూడకుండ మొదలుపెట్టిండు, నీ మిషనే తెచ్చుకొని. దవాఖానకు పోయినవా?"

"నా చేతులు మంచిగనే ఉన్నయ్ సారూ."

"ఉండాలె, మంచిగుండాలె. జర రెస్టు తీస్కో" అన్నాడు ఓనరు. జాలిగానే అన్నాడు.

ఫోను ఆగిపోయాక ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. పని పోయినందుకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన మాత్రం, "నేను నిచ్చెన మీదుంటే కిందికెల్లి పట్టుకునేటోడు" అన్నాడు. "వాని చేతులల్ల నా పానం పెట్టి ఎక్కేటోన్ని."

రజని వదిన తన ఫోను తీసి చెల్లెలి పేరు దాకా పోయి ఆగింది.

"సంగీతకు ఎరుకనా అని అడగనా?"

"అడుగు."

"ఎరుకే అంటే ఏం జేయాలె?"

ఆమె ఫోను కొంగులో చుట్టేసింది. "పొద్దున్నుంచి నా పసుపును తిట్టినవ్" అని మాత్రం అని లోపలికి పోయింది.

ఆ మధ్యాహ్నమే మా బాల్కనీకి జాలీ బిగించాడు. చక్కు చక్కగా తిరిగింది. ఒక్క స్క్రూ వంకర పోలేదు.

మాట మాత్రం ఆగలేదు. ఓనరు ఎవరికి చెప్పాడో, మహేశ్వర్ ఇంకెంతమందికి చెప్పాడో, హార్డ్‌వేర్ దుకాణంలో కూడా చేతులెట్లున్నయ్ వీరేశం అని అడగడం మొదలుపెట్టారు. ఎత్తులో చేసే పనులకు పిలుపులు తగ్గాయి. మహేశ్వర్ ఒకసారి వచ్చాడు. గేటు దగ్గరే నిలబడి, "నీ మంచికే చెప్పిన అన్నా" అన్నాడు. వీరేశం అన్న గేటు తీయలేదు, తిట్టనూ లేదు. అక్కాచెల్లెళ్లు ఇప్పుడు కూరగాయల మార్కెట్లో ఎదురుపడితే ధరలు మాట్లాడుకుంటారు.

మళ్లీ కోదాడ వైపు పనులు వెతుక్కుంటున్నాడు. ఆ మధ్య మా అత్తగారింట్లో కిటికీలకు జాలీలు వేయడానికి నేనే పిలిపించాను. రాగానే మా మామగారిని మంచినీళ్లు అడిగాడు.

"నిండా పొయ్యండి సారూ" అన్నాడు.

అంచు దాకా నిండిన గ్లాసును ఒంటిచేత్తో అందుకుని, చేయి ముందుకు చాచి, మా మామగారి ఎదుట అలాగే కొద్దిసేపు నిలబడ్డాడు. ఒక్క చుక్క కూడా ఒలకలేదు. ఆ తర్వాతే నెమ్మదిగా తాగి, నిచ్చెన ఎక్కాడు. "దాహం మీదున్నట్టున్నాడు పాపం" అన్నారు మా మామగారు.

కొత్త ఇల్లు ఏదైనా ఇప్పుడు అంతేనట. రజని వదిన చెప్పింది. ఇంట్లో మాత్రం ఆమె ఆయనకు గ్లాసు సగమే నింపుతుంది. నిండా పోస్తే తాగకుండా చేతిలో పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంటాడని.