చూసినవా, విన్నవా?

స్రవంతి వరంగల్ లా కాలేజీలో చేరినప్పటి నుంచి స్టేషన్ ఘన్‌పూర్‌లోని వాళ్లింట్లో పొద్దు పొడిచిందని చెప్పాలన్నా ఇద్దరు సాక్షులు కావాలి. వరంగల్ రైల్లో కిటికీకి ఒరిగి సాక్ష్య చట్టం చదువుతూ, పెన్ను మూతను నమిలి నమిలి రేకులా చదును చేసింది. పక్కింటి అవ్వ కోడలి మీద చాడీ మొదలుపెట్టిందో లేదో, "చూసినవా అవ్వా, విన్నవా? విన్నది చెల్లదు" అని చూపుడువేలు లేపి నోరు మూయించేది.

తల్లి బాయి నీళ్లల్ల పడి చనిపోయిన ఏడాదికి, చచ్చినోళ్లను పలికించే శివసత్తి అహల్యను ఇంటికి పిలిచిన్రు. డప్పు మోగగానే అహల్య ఊగింది, అచ్చం తల్లి గొంతుతో "బిడ్డా" అన్నది. అమ్మ జారిందా, దూకిందా అన్న ఒక్క ముచ్చట కోసం ఏడాదిగా కంటి మీద కునుకు లేని స్రవంతి నోట్‌బుక్ తెరిచింది. సాక్షికి జవాబు నోటికి అందించే ప్రశ్న వేయొద్దు కాబట్టి, "ఆ దినం నిన్ను ఎవరు చూసిన్రమ్మా?" అని మాత్రమే అడిగింది. "నువ్వే చూసినవ్ గద బిడ్డా. ఒడ్డు మీదనే నిలవడితివి." డప్పు ఆగిపోయింది. తండ్రి పరేషానై, "గదేంది? గా దినం నువ్వు కాలేజీల ఉంటివి గద?" అన్నాడు. స్రవంతి ఎంత తవ్వుకున్నా ఆ పొద్దు యాదికి రాలేదు. "కాలేజీల ఉంటినని అందరు అంటున్రు, నాయిన. నేను విన్నదే" అన్నది మెల్లగా.