ముందు రాగి మీద

మొన్న మెట్ల మీద జారిపడితే కుడి భుజం తప్పింది. రాజమండ్రిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, "డిస్‌లొకేషన్ అండి" అన్నాడు. అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. పాపం కుర్రాడు కంగారుపడ్డాడు. ఏం చెప్పను? ఆ మాటతోనే నాకు సగం జీవితం గడిచింది, భుజాలతో మాత్రం కాదు.

ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూనే పీహెచ్‌డీకి చేరాను. లోహంలో పరమాణువులు వరినాట్లలా వరసల్లో ఉంటాయి. ఎక్కడో ఒక వరస మధ్యలో ఆగిపోతుంది. ఆ లోపమే డిస్‌లొకేషన్. రాగి తీగను వంచితే పొరంతా ఒక్కసారి జరగదు. ఆ లోపం ఒక్కో వరసా దాటుకుంటూ పోతుంది, తీగ వంగినది వంగినట్టే ఉండిపోతుంది. ఇలాంటివి వేలకు వేలు ఎలా కదులుతాయో, ఒకదానికొకటి అడ్డుపడి తీగ ఎలా బిరుసెక్కుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం నా పని. అసలు తీగ వంచిన కొద్దీ మొండికేసేది, నా లెక్కలో రాగి మాత్రం ఎంత వంచినా మెత్తగానే ఉండేది. పొద్దున్నే క్యారేజీలు కట్టి, ద్రాక్షారామం నుంచి బస్సులో వేలాడుతూ వెళ్ళి, సాయంత్రం ఇంటికొచ్చి ఆ లెక్క ముందు కూర్చుంటే కరెంటు పోయేది. ఒళ్ళు హూనమైపోయేది.

అసలేం చదువుతున్నావని మా అత్తగారు ఒకసారి అడిగారు. హాల్లో జంపఖానా చూపించి చెప్పాను. మొత్తం లాగితే కదలదు, ఓ చివర మడత లేపి తోసుకుంటూ పోతే జరుగుతుంది, ఆ మడతలాంటిదే డిస్‌లొకేషనండి, నేను రాగిలో చూస్తున్నాను అని. ఆవిడ తృప్తిగా తలూపారు. ఆ తలూపడానికి అర్థం తరవాత తెలిసింది. వీధిలో ఎవరి చెయ్యి బెణికినా మా అరుగు మీద ప్రత్యక్షం. "మా కోడలు డిస్‌లొకేషన్లోనే డాక్టరు చేస్తోందండి. ముందు రాగి మీద నేర్పుతారంట, తరవాత మనుషులకి" అని ఆవిడ ప్రచారం. అది కాదండీ అని విడమరిచే ఓపిక లేక, వచ్చినవాళ్ళని కాకినాడ పెద్దాసుపత్రికి పొమ్మనేదాన్ని. మా ఆయన పగలబడి నవ్వేవారు. ఓపిక ఉన్న రోజున నేనూ నవ్వేదాన్ని.

ఒక వేసవిలో యూనివర్సిటీవాళ్ళు ఇదే ఆఖరి గడువన్నారు. లెక్క కుదరలేదు. వంటింట్లో కూలబడి, "నా వల్ల కాదు అత్తయ్యగారూ, మానేస్తాను" అన్నాను. ఆవిడ ఎడంచేత్తో పైట సర్దుకుని, "మరి నా చెయ్యో, అమ్మా?" అన్నారు.

అంతకుముందు చలికాలంలో ఆవిడ కాలవ రేవులో జారిపడ్డారు. బెణికిందంతే అని మాకు చెప్పి, తైలం రాసుకుంటూ నెట్టుకొచ్చారు. "నువ్వు పాసైతే నువ్వే సరిచేస్తావు గదా. ఈలోగా ఇంకొకళ్ళకి చూపించుకుంటే నీకు నామోషీ అని ఊరుకున్నాను" అన్నారు. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. మర్నాడే కాకినాడ తీసుకెళ్ళాం. కుడి భుజం తప్పి ఇన్ని నెలలయ్యాక ఇక కూర్చోదన్నారు డాక్టర్లు, ఆ వయసులో ఆపరేషనూ వద్దన్నారు. తిరుగు దారంతా ఆవిడే నన్ను ఓదార్చారు.

ఇక మానెయ్యడానికి నాకు మొహం లేకపోయింది. గడువులోపలే తప్పు దొరికింది. ఒకదాన్నొకటి అడ్డుకోవాల్సిన లోపాలు నా ప్రోగ్రాంలో ఒకదాన్లోంచి ఒకటి హాయిగా దాటిపోతున్నాయి. పట్టా తెచ్చుకుని అత్తగారికి దణ్ణం పెడితే, ఎడంచేత్తో అక్షింతలు వెయ్యకూడదని, ఆ చేత్తో కుడిచేతిని పట్టి పైకి లేపి మరీ వేశారు. పోయేదాకా నేను ఆవిడకి ఎముకల డాక్టరమ్మనే. నేనూ దిద్దలేదు.

మొన్న ఆ కుర్రాడు నా భుజాన్ని క్షణంలో సరిచేసి, "వెంటనే వచ్చారు కాబట్టి సరిపోయిందండి" అన్నాడు. చెయ్యి మెడకు కట్టుకుని, ఎడంచేత్తో కాఫీ కలుపుకుంటున్నాను. లెక్క తప్పినప్పుడల్లా నా ప్రోగ్రాంలో కాలాన్ని సున్నాకి తెచ్చి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. అత్తగారు కాలవ రేవులో జారిన పొద్దుటికి మాత్రం కాలాన్ని వెనక్కి తీసుకెళ్ళలేకపోయాను.