మొగిలి అడుగులు

నిలబడి వాయించమంటే రాయదుర్గం మొగిలికి సాక్సఫోన్ పలకదు. పాతికేళ్లుగా పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు ముందు నడుస్తూ వాయించినవాడికి కాలు కదిలితేనే ఊపిరి ఆడుతుంది. పని లేని రోజునా కుదురుండదు. బీడీ ముట్టించి రెండు దమ్ములకే పారేస్తాడు, చాయ్ గ్లాసు మీద వేళ్లు ఆడిస్తాడు, ఎడమకాలు కాస్త ఈడుస్తూ వాకిలి కొలుస్తాడు. డెబ్బై నాలుగులో రికార్డు తీసేవాళ్లు ఒక పాటకు పిలిచి, మైకు ముందు కదలకుండా నిలబడమన్నారు. నాలుగుసార్లు స్వరం తప్పింది. ఐదోసారి చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, ఆ చెక్కనేల మీద ఉన్నచోటే నడిచాడు. పాట కుదిరింది.

రికార్డు మీద అతని పేరు వేయలేదు. బాలనర్సయ్య హోటల్లో ఆ పాట మోగినప్పుడల్లా మొగిలి దిగ్గున లేచి, "గది నేను వాయించిందే" అంటాడు. "ఊకో మొగిలన్నా, బొంబాయోళ్లది గది" అని బాలనర్సయ్య నవ్వుతాడు. ఇంట్లో సక్కుబాయి కూడా నమ్మలేదు. మొన్న ఆమె మొగుణ్ని బువ్వకు పిలవడానికొచ్చి హోటల్ గుమ్మంలో ఆగిపోయింది. లోపల అదే పాట. కాసేపు చెవి ఒగ్గి విన్నది.

"బాజా ముచ్చట నాకెర్క లేదు గని, కింద గా కాలు ఈడ్సే సప్పుడు మా ఆయనదే. ఇరవై ఏండ్ల సంది ఇంటున్న."

హోటలంతా చెవులు రిక్కించింది. పాట అయిపోయేదాకా మొగిలి కదలలేదు.