ఉప్పులోంచి లేచిన కర్పూరం

మా సైన్సు మేడం గారు పోయారని నిన్న పొద్దున్నే చర్చి మైకులో చెప్పారు. మామ్మ పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చి, “ఎవరే, మన కర్పూరం మేడమేనా?” అంది.

మా ఇంట్లో ఆవిడ పేరు అదే. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ప్రయోగానికని మేడం గారు నన్ను కర్పూరం తెమ్మన్నారు. మామ్మేమో చర్చికెళ్ళే మేడం బడిలో పూజ చేయిస్తోందనుకుని పొంగిపోయింది. కార్తీక సోమవారం బలిఘట్టం గుడిలో హారతికని దాచుకున్న పొట్లం మొత్తం ఇచ్చేసింది.

సాయంత్రం, “హారతి బాగా ఇచ్చేరా?” అని అడిగింది.

“ఉప్పులో కలిపారు మామ్మా.”

“దేవుడి కర్పూరం ఉప్పులో కలుపుతారేటే! ఇంక దేనికి పనికొస్తాది?”

మర్నాడు మామ్మ నాకన్నా ముందే బడిలో ఉంది. మేడం గారు వాదించలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ మిశ్రమాన్ని పింగాణీ గిన్నెలో పోసి, పైన గాజు గరాటు బోర్లించి, దాని కాడలో దూది కుక్కి, కింద స్పిరిటు దీపం పెట్టారు.

“బేగి అవ్వాలంటే మంట పెంచండమ్మా,” అంది మామ్మ.

“కంగారొద్దు మామ్మగారూ. సన్న సెగ మీద దేని దారి అది చూసుకుంటాది.”

కాసేపటికి గరాటు లోపల తెల్లగా కర్పూరం పేరుకుంది. ఉప్పు గిన్నెలోనే ఉండిపోయింది. మేడం గారు ఆ తెల్లపొడి గీకి మామ్మ చేతిలో పోశారు. మామ్మ ఊరికే నమ్మే మనిషా? చిటికెడు వెలిగించి చూసింది. బూడిద కూడా మిగల్లేదు. సోమవారం శివుడికి ఆ కర్పూరంతోనే హారతి ఇప్పించింది.

మేడం గారిది అన్నిటికీ సన్న సెగే. పిల్లాణ్ణి కొట్టారని అరుస్తూ వచ్చిన తండ్రినీ అలాగే కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు. కర్పూరం కరిగిపోయిందని ఎవరైనా అంటే మాత్రం ఊరుకునేవారు కాదు. “కరగలేదర్రా, ఆవిరైంది. కళ్ళు పెట్టి చూడండి,” అనేవారు. ఆ చాదస్తం నాకూ అంటుకుంది. ఇవాళ నేను నలుగురు పిల్లలకి సైన్సు చెబుతున్నానంటే ఆవిడ చలవే. ఇక ఆవిడ లేరంటే మనసు ఒప్పుకోవడం లేదు.

సమాధుల తోట నుంచి వచ్చి స్నానం చేశాక, మామ్మ దేవుడి గూట్లోంచి చిన్న గాజు సీసా తీసింది. ఆనాటి కర్పూరంలో చిటికెడు దాచుకుందట, హరించుకుపోకుండా మిరియాలు వేసి. చూస్తే అడుగున మిరియాలే ఉన్నాయి.

“అయిపోనాదేటే?” అంటూ మామ్మ సీసా నా చేతిలో పెట్టింది.

మూత తీసి తిరగేసి చూపించాను. దాని లోపల తెల్లటి పలుకులు అంటుకుని మెరుస్తున్నాయి.

“గీకకే. అలాగుండనీ,” అని మామ్మ మూత బిగించేసింది.