దివాణం బాట మీద పదో చుట్టు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయమూ లేదు. నాకున్న భయం బతికున్నవాళ్లకే చాలేది కాదు. పొద్దున మా ఆఫీసరు గారు, సాయంత్రం మా ఆవిడ. అయినా ఈ సంగతి రాస్తున్నానంటే కారణం ఉంది. ఇది చీకట్లో జరగలేదు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, నలుగురి ఎదుట జరిగింది.

తొంభైల చివర్లో నేను ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. గీతలు గీయడం ఉద్యోగం, సైకిలు పందేలు సరదా. ఆఫీసులో చక్రం తిప్పే స్థాయి ఎటూ రాలేదు కాబట్టి ఆదివారాలు రెండు చక్రాలు తిప్పుకునేవాణ్ణి. వెనకబడటంలో మాత్రం అందరికంటే ముందుండేవాణ్ణి.

పిఠాపురం అవతల ఒక పల్లెలో దివాణం బాట అని ఉండేది. ఊరి పేరు చెప్పను, అక్కడివాళ్లకి ఇష్టం ఉండదు. ఎప్పుడో ఒక జమీందారు గుర్రప్పందేల కోసం వేయించిన గుండ్రటి మట్టి బాట. చుట్టు అర మైలుంటుంది. గుర్రాలు పోయాయి, జమీందారీ పోయింది, బాట మిగిలింది. నెలకో ఆదివారం సైకిలు పిచ్చివాళ్లం అక్కడ చేరేవాళ్లం. బడిపంతుళ్లు, కరెంటాఫీసు గుమస్తాలు, రొయ్యల చెరువులవాళ్లు. మడ్‌గార్డులు, క్యారియరు, స్టాండు విప్పేసిన మామూలు సైకిళ్లు. అక్కడ కప్పులంటే టీ కప్పులే, వేరే బహుమతులేం లేవు.

రాజమండ్రిలో సాపైన తారు రోడ్లుండగా, మా ఊళ్లో చక్కటి కాలవగట్టుండగా, సైకిలు బస్సు టాపు మీద కట్టించుకుని అంత దూరం ఎందుకు వెళ్లేవాళ్లం? చాలామందిని అడిగాను. మట్టి మెత్తన అన్నారొకరు. గాలి బాగుంటుందన్నారింకొకరు. చివరి రెండు స్థానాల్లో ఒకటి ఎప్పుడూ నాతో పంచుకునే లెక్కల మాష్టారు మూర్తిగారు మాత్రం, "ఇక్కడ తొక్కినట్టు ఇంకెక్కడా తొక్కలేనండి. ఎందుకని అడక్కండి, ఈ లెక్క నాకూ రాదు" అనేవారు.

అక్కడో ఆనవాయితీ ఉండేది. ఆ పక్క పొలాల ఆసామీ రాజుగారు, డెబ్బై దాటిన మనిషి, ముగింపు గీత దగ్గర ఎర్రజెండా పట్టుకుని నిలబడేవారు. ఆఖరి సైకిలు గీత దాటినా జెండా దించేవారు కాదు. ఇంకెవరో రావలసి ఉన్నట్టు బాటకేసి చూస్తూ కాసేపుండి, అప్పుడు దించేవారు. ఆ ఆఖరి సైకిలు తరచూ నాదే కాబట్టి ఈ ఆలస్యం నాకు బాగా తెలుసు. పెద్దవారి నిదానం అనుకునేవాణ్ణి.

ఆ ఏడు బ్యారేజీ మీద స్కూటరు జారి నా కుడి మోకాలి చిప్ప విరిగింది. నయమయ్యాక, మెల్లగా తొక్కుకోవచ్చన్నారు డాక్టరు గారు. మా ఆవిడ సుజాత ఒప్పుకోలేదు. "రెండో కాలు కూడా విరిగేదాకా ఊరుకోరా ఏంటి? ఆ సైకిలు మా తమ్ముడికి ఇచ్చెయ్యండి, మిల్లుకి వెళ్లొస్తాడు" అంది. వారం రోజులు బతిమాలితే ఒక ఒప్పందానికి వచ్చింది. దివాణం బాట మీద పది చుట్లు, కాలు నేల మీద పెట్టకుండా పూర్తి చేస్తే సైకిలు నాది. ఒక్కసారి పెట్టినా మా బావమరిది చిట్టిబాబుది.

చిన్న ఒప్పందంలా కనిపిస్తుంది. కానీ ఆ సైకిలు పోతే మళ్లీ కొననని నాకు తెలుసు. ఆఫీసు కుర్చీలోంచి లేచి ఇంట్లో కుర్చీలో కూర్చోవడమే ఇక మిగిలేది.

న్యాయనిర్ణేతగా చిట్టిబాబే వచ్చాడు, చేతిలో కొత్త తాడుతో.

"తాడెందుకురా?"

"తిరుగు ప్రయాణానికండి బావగారూ. బస్సు మీద నేనే కట్టేసుకుంటాను. మీకెందుకు శ్రమ?"

ఐదు చుట్లు బాగానే సాగాయి. నాది ఏడో చుట్టు అయ్యేసరికి మిగతావాళ్లంతా ముగించేశారు. ఎనిమిదో చుట్టులో వాన అందుకుంది. అందరూ బాట పక్కనున్న టీ పాకలోకి పరిగెత్తారు. బాట మీద నేను, గీత దగ్గర తడుస్తూ జెండాతో రాజుగారు, ఆయన పక్కనే గొడుగు వేసుకుని నా కాలికేసే చూస్తూ మా బావమరిది.

తొమ్మిదో చుట్టులో, పడమటి మలుపు దగ్గర మోకాలు ఇక నావల్ల కాదంది. పెడలు మీంచి పాదం జారింది. నేలకి బెత్తెడు దూరంలో ఉంది.

అప్పుడు వెనక చప్పుడు వినిపించింది. వదులు చైను మోత. కడక్, కడక్. మూర్తి మాష్టారి సైకిలు అచ్చం అలాగే మోగుతుంది. ఓహో, ఆయనా ఇంకా తొక్కుతున్నారన్నమాట! గెలుపు సంగతి దేవుడెరుగు, ఈ మలుపులో మాష్టారు నన్ను దాటకూడదు అనుకున్నాను. పాదం మళ్లీ పెడలు మీద పెట్టాను.

గట్టిగా తొక్కితే చప్పుడూ జోరందుకుంది. నేను నెమ్మదిస్తే అదీ నెమ్మదించింది. దాటదు, వదలదు. పదో చుట్టు సగంలో వాన వెలిసి ఎండ వచ్చింది. పళ్లు బిగించి తొక్కాను. ఆ మోత నా కుడి భుజం వెనకే ఉంది. గీత దాటాక గానీ కాలు దించలేదు.

"చంపేశారండీ మాష్టారూ!" అంటూ వెనక్కి తిరిగాను.

బాట ఖాళీగా ఉంది.

మాష్టారు పాకలోంచి టీ తాగుతూ వచ్చారు. రెండో చేతిలో తెగిన చైను వేలాడుతోంది. "నేను ఐదో చుట్టులోనే దిగిపోయానండి. మీరు చూసుకోలేదా?" అన్నారు.

నేను చిట్టిబాబుని అడిగాను. నేను ఓడితే లాభపడేవాడు వాడొక్కడే, నా కోసం అబద్ధం చెప్పడు. "ఆయ్, కాలు దించలేదండి, ఒప్పుకుంటాను" అన్నాడు ముందు. వెనక ఎవరైనా వచ్చారా అంటే, "నేను మీ కాలే చూస్తున్నాను బావగారూ, వెనకవాళ్లతో నాకేం పనండి? కానీ తొమ్మిదో చుట్టు చివర మీరు నన్ను దాటి వెళ్లాక ఇంకో చైను మోత కూడా వెళ్లిందండి. తలెత్తేసరికి ఎవరూ లేరు" అన్నాడు.

ఇద్దరం బాట మీద వెనక్కి నడిచాం. వాన జోరుకి అంతకుముందు పడిన టైరు జాడలన్నీ చెరిగిపోయాయి. గీతకి ముందు వంద గజాల్లో ఉండవలసింది నా పదో చుట్టు జాడ ఒక్కటే. అక్కడ రెండున్నాయి. రెండోది నాదానికి కుడి పక్కన మూరెడు ఎడంగా, నా టైరు కంటే సన్నగా ఉంది. ముగింపు గీతకి సరిగ్గా బారెడు ఇవతల ఆగిపోయింది. పక్కకి తిరగలేదు, వెనక్కి మళ్లలేదు. ఎవరూ కాలు దించిన గుర్తు లేదు. తెచ్చుకున్న తాడు అక్కడే పడేసి చిట్టిబాబు పాకలోకి వెళ్లిపోయాడు.

రాజుగారు అప్పుడు జెండా దించారు. ఎవరి కోసం ఆగుతారండీ అని అడిగాను.

"మా నాన్నగారు ఆగమన్నారండి, ఆగుతున్నాను. ఎవరి కోసమని నేనూ అడగలేదు" అన్నారు.

ఆ జాడలు రెండూ కాగితం మీద కొలతలతో సహా గీసి, నాలుగైదు విధాలుగా ఆలోచించాను. అంతకుముందు విన్న మాష్టారి చైను మోత చెవిలో మిగిలి ఉండొచ్చు. మట్టిలో వాననీరు సన్నగా పారి జాడలా కనిపించి ఉండొచ్చు. ఒక్కటీ చిట్టిబాబు మాటతో కలవలేదు.

తర్వాత ఆరేళ్లు ఆ బాట మీద తొక్కాను. ఎక్కువసార్లు ఆఖరునే వచ్చాను. కాలు మాత్రం ఎన్నడూ మధ్యలో దించలేదు. ఆ మోత కొన్నిసార్లు వినిపించేది, కొన్నిసార్లు లేదు. అదేమిటో నాకు ఈ రోజుకీ తెలీదు. ఒక్కసారి తిరిగి చూస్తే తేలిపోయేది కదా అంటుంది మా ఆవిడ. నిజమే. కానీ తొక్కుతున్నంతసేపూ తల తిప్పలేదు. భయపడి కాదు. తిరిగి చూశాక అక్కడ ఎవరూ లేకపోతే, ఆ పందెంలో ఆఖరివాణ్ణి నేనే అయిపోతాను.